జర్మన్‌లో దూరాన్ని ‘ఎంట్‌ఫెర్నుంగ్’ అని ఎందుకంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగువాళ్ళకు జర్మన్ నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా చదువు కోసమో, నర్సు ఉద్యోగం కోసమో జర్మనీ వెళ్ళబోయేవాళ్ళు. చేతిలో ఉన్న టైము తక్కువ, పరీక్ష టెన్షన్ ఎక్కువ. అయినా ‘దూరం’ పాఠం వచ్చిన రోజు క్లాసు అక్కడే ఆగిపోతుంది. మనకు దూరం అనే ఒక్క మాట సరిపోయే చోట వాళ్ళకు ఇన్ని మాటలెందుకు? దూరానికీ మరక తీసే మందుకీ ఒకే మాటేమిటి? ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్నలే ఇవి. ఈ మాటల పుట్టుక తెలిస్తే బట్టీ పట్టే పని సగం తప్పుతుందని నా నమ్మకం. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను. జర్మన్ మాటల్ని పలికినట్టుగా తెలుగు లిపిలోనే ఇచ్చాను.

ఎంట్‌ఫెర్నుంగ్ అంటే సరిగ్గా ఏమిటి? ఎలా పలకాలి?

రెండు చోట్ల మధ్య ఉన్న దూరం. బెర్లిన్ నుంచి మ్యూనిక్ ఎంత, భూమి నుంచి చంద్రుడు ఎంత అన్నప్పుడు వాడేది ఈ మాటే. పలికేటప్పుడు ‘ఫెర్’ మీద ఒత్తు పెట్టాలి. చివరి ‘గ్’ను గట్టిగా అనకూడదు. ‘వాఙ్మయం’ అన్నప్పుడు ముక్కులోంచి వచ్చే ‘ఙ’ ఉంది చూడండి, దాని దగ్గరే ఆగిపోవాలి.

ఇది స్త్రీలింగం, ముందు ఆ లింగాన్ని తెలిపే ‘డీ’ అనే మాట రావాలి. క్రియకు ‘ఉంగ్’ తగిలించి చేసిన నామవాచకాలన్నీ జర్మన్‌లో స్త్రీలింగాలే, కాబట్టి లింగం విషయంలో భయం అక్కర్లేదు.

ఈ మాటను విడగొడితే ఏమొస్తుంది?

మూడు ముక్కలొస్తాయి: ఎంట్, ఫెర్న్, ఉంగ్. మధ్యలో ఉన్న ‘ఫెర్న్’ అంటే దూరంగా ఉన్న అని. దానికి ముందు ‘ఎంట్’ చేర్చి, క్రియ చేస్తే ‘ఎంట్‌ఫెర్నెన్’ అవుతుంది. అంటే దూరం చేయడం, తొలగించడం. ఆ క్రియకు చివర ‘ఉంగ్’ చేరిస్తే ఆ పనికి పేరు వస్తుంది. ఇంగ్లీషులో మీకు తెలిసిన ‘ఇంగ్’ దీని చుట్టమే.

కాబట్టి ఎంట్‌ఫెర్నుంగ్ అనేది కొలతకు పెట్టిన పేరు కాదు. ముందు అది ఒక పనికి పేరు: ఒకదాని నుంచి ఇంకొకదాన్ని దూరం జరపడం. ఆ పని జరిగాక మధ్యలో మిగిలిన ఖాళీకి కూడా అదే పేరు స్థిరపడింది. తెలుగులో ‘కట్టడం’ అనే మాట గుర్తు తెచ్చుకోండి. ఇల్లు కట్టడం అంటే పని. పాత కట్టడం అంటే నిలబడి ఉన్న భవనం. ఒకే మాట పని దగ్గర మొదలై, ఆ పని వల్ల వచ్చిన వస్తువు దాకా వెళ్ళింది. ఎంట్‌ఫెర్నుంగ్ కూడా అలాగే నడిచింది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే వాడుకలేవీ వింతగా కనిపించవు.

‘ఫెర్న్’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లీషువాళ్ళ ‘ఫార్’, డచ్చివాళ్ళ ‘ఫెర్’, జర్మన్ ‘ఫెర్న్’ ఒక తల్లి పిల్లలు. సుమారు వెయ్యేళ్ళ కిందటి పాత జర్మన్‌లో దూరంగా అనడానికి ‘ఫెర్రో’ అనేవారు. అప్పట్లో చివర ‘న్’ లేదు. ఇంగ్లీషులో ఈ రోజుకీ లేదు.

మరి జర్మన్‌లోకి ఆ ‘న్’ ఎలా వచ్చింది? పాత జర్మన్‌లోనే ‘ఫెర్రానా’ అనే ఇంకో రూపం ఉండేది. దాని అర్థం ‘దూరాన్నుంచి’. ఆ ‘ఆనా’ అనే తోక మన ‘నుంచి’ చేసే పని చేసేది. కాలక్రమేణా మాట అరిగిపోయి ‘ఫెర్నె’ అయింది, చివరికి ‘ఫెర్న్’ అయింది. ‘నుంచి’ అనే అర్థం మాయమైపోయి, ఉత్త ‘దూరం’ మిగిలింది. జర్మన్‌లో ‘ఓబెన్’ అంటే పైన, ‘ఇన్నెన్’ అంటే లోపల, ‘హింటెన్’ అంటే వెనక. వీటి చివర కనిపించే ‘న్’ కూడా ఆ పాత తోక ముక్కే. నేను ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. రోజూ నోట్లో ఆడే ఒక్క హల్లులో ‘అక్కణ్ణుంచి ఇక్కడికి’ అనే ప్రయాణం దాగి ఉంది.

మన ‘పర’కూ దీనికీ చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

నిజమే. కాకపోతే సంస్కృతం ద్వారా.

సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మన్ లాంటివన్నీ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాషలు. తెలుగు ద్రావిడ కుటుంబానిది. అయినా సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు వేలల్లో ఉన్నాయి కాబట్టి, ఆ కుటుంబం నగలు కొన్ని మన ఇంట్లోనూ ఉన్నాయి.

భాషాశాస్త్రజ్ఞులు ఆ కుటుంబానికి ‘పెర్’ అనే ధాతువును ఊహించి చెబుతారు. ముందుకు, దాటి, అవతలకి అని దాని భావం. ఆ ధాతువు సంతానమే సంస్కృతంలో ‘పర’. పరదేశం అంటే అవతలి దేశం. పరలోకం అంటే ఈ లోకం దాటాక ఉన్నది. పరాయివాడు అంటే మన గీతకు అవతల ఉన్నవాడు. నది అవతలి ఒడ్డు ‘పారం’. ఆ ఒడ్డు కనిపించనిది అపారం, ఆ ఒడ్డు చేరినవాడు పారంగతుడు. జర్మన్ వైపు చూస్తే అదే ధాతువు నుంచి ‘ఫెర్న్’ వచ్చింది. ప్రయాణించడం అనే అర్థం ఉన్న ‘ఫారెన్’ వచ్చింది. ఆ ఫారెన్ నుంచే ‘ఫేరె’ వచ్చింది. ఫేరె అంటే మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చే పడవ, మన బల్లకట్టు లాంటిది.

‘ప’ కాస్తా ‘ఫ’ ఎలా అయిందని వెంటనే అడుగుతారు. అది ఒక్క మాటలో జరిగిన మార్పు కాదు. జర్మన్, ఇంగ్లీషు, డచ్చి పుట్టిన శాఖ మొత్తంలో పాత ‘ప’ కారం ‘ఫ’ కారంగా మారింది. పితృ అన్నచోట జర్మన్‌లో ‘ఫాటర్’, పాదం అన్నచోట ‘ఫూస్’, పంచ అన్నచోట ‘ఫ్యున్ఫ్’. డెన్మార్క్‌కు చెందిన రాస్ముస్ రాస్క్ 1818లో ఈ పోలికల్ని బయటపెట్టాడు. యాకోబ్ గ్రిమ్ 1822లో వాటన్నిటినీ ఒక సూత్రంగా కూర్చాడు. అందుకే దానికి గ్రిమ్ సూత్రం అని పేరు. అన్నదమ్ములిద్దరూ కలిసి జానపద కథలు సేకరించారు కదా, ఆ గ్రిమ్ అన్నదమ్ముల్లో పెద్దవాడే ఈయన.

‘ఎంట్’ అంటే తీసేయడం కదా? అప్పుడు ఎంట్‌ఫెర్నుంగ్ అంటే ‘దూరాన్ని తీసేయడం’ అవ్వాలి కదా?

నాకు ఎదురైన ప్రశ్నల్లో అన్నిటికంటే మంచిది ఇదే. అడిగినవాళ్ళు నిజంగా ఆలోచించి అడుగుతారు.

‘ఎంట్‌లాడెన్’ అంటే సరుకు దింపడం, ‘ఎంట్‌వాఫ్నెన్’ అంటే ఆయుధాలు లాక్కోవడం. వీటిలో ఎంట్ తీసేసే పని చేస్తోంది, నిజమే. కానీ విశేషణం ముందు వచ్చినప్పుడు దాని తీరు మారుతుంది. ‘బ్లోస్’ అంటే కప్పు లేని. ‘ఎంట్‌బ్లోసెన్’ అంటే కప్పు తీసి బయటపెట్టడం. ‘లేర్’ అంటే ఖాళీ. ‘ఎంట్‌లేరెన్’ అంటే ఉన్నది తీసి ఖాళీ చేయడం, ఖాళీని తీసేయడం కాదు. అంటే ఒకచోటు నుంచి తప్పించి ఆ స్థితికి తేవడం. ఎంట్‌ఫెర్నెన్ కూడా ఈ వరసలోదే: ఉన్నచోటు నుంచి తప్పించి దూరానికి చేర్చడం.

ఎంట్ పుట్టుక ఇంకా బాగుంటుంది. ఇది ‘ఆంట్’ అనే పాత ముక్క బలహీనపడగా వచ్చిన రూపం. ఎదురుగా, వ్యతిరేకంగా అని దాని అర్థం. జవాబును జర్మన్‌లో ‘ఆంట్‌వోర్ట్’ అంటారు, ఎదురు మాట అన్నమాట. గ్రీకు ‘యాంటీ’ దీని బంధువే, సంస్కృతంలో ‘అంతి’ దీని బంధువే. ఆ అంతి నుంచి వచ్చిన ‘అంతికము’ మన కావ్యాల్లో కనిపిస్తుంది. దాని అర్థం ‘దగ్గర’. ఎదురుగా ఉన్నది దగ్గరే ఉంటుందన్న భావంతో సంస్కృతం అటు వెళ్ళింది, ఎదురు తిరిగినది విడిపోతుందన్న భావంతో జర్మన్ ఇటు వచ్చింది. అలా మన ‘దగ్గర’ బంధువు ఒకటి జర్మన్ ‘దూరం’ తలమీద కూర్చుని ఉంది.

వ్యాకరణం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఒక చిన్న సంగతి. ‘ఎంప్‌ఫాంగెన్’, ‘ఎంప్‌ఫేలెన్’, ‘ఎంప్‌ఫిండెన్’ అనే మూడు పాత క్రియల్లో ‘ఫ’ ముందు ఎంట్ కాస్తా ఎంప్ అయిపోయింది. ఎంట్‌ఫెర్నెన్‌లో మాత్రం అలా కాలేదు. ఆ మూడింటిలా రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి కరిగిపోలేదు, ఈ రోజుకీ విడివిడిగా వినిపిస్తాయి.

మరక తీసే మందు సీసా మీద ఈ మాట ఎందుకుంది?

ఇది నాకే జరిగింది. జర్మనీ వెళ్ళిన కొత్తలో తెల్ల చొక్కా మీద చింతపండు పులుసు పడింది. ఇంటి దగ్గరున్న షాపుకు వెళ్ళి బట్టల సబ్బులుండే అర ముందు నిలబడ్డాను. ఒక చిన్న సీసా మీద ‘ఫ్లెక్‌ఎంట్‌ఫెర్నర్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద వైన్ గ్లాసు, గడ్డి, రక్తపు చుక్క బొమ్మలు వరసగా ఉన్నాయి. ‘ఫ్లెక్’ అంటే మరక అని తెలుసు. ‘ఎంట్‌ఫెర్నుంగ్’ అంటే దూరం అని తెలుసు. రెండూ కలిపితే ఏమవుతుందో తేలక ఆ సీసా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పక్కన ఉన్న పెద్దావిడ నా చొక్కా వైపు చూసి, ఆ సీసా వైపు చూసి, తల ఊపింది. అప్పుడు వెలిగింది. ‘మరకను దూరం చేసేది’ అని దాని అర్థం. మనం కూడా ‘నొప్పిని దూరం చేసే తైలం’ అంటాం కదా. ఆ మందుకు మరక పూర్తిగా పోలేదు గానీ, ఎంట్‌ఫెర్నెన్ మాత్రం మళ్ళీ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఆస్పత్రి కాగితాల్లో, ట్యాక్స్ ఫారాల్లో కూడా ఈ మాట కనిపిస్తుంది. అక్కడ ఏ అర్థం తీసుకోవాలి?

ఇది జాగ్రత్తగా చదవండి, పొరపాటు పడితే ఇబ్బంది అవుతుంది.

ఆస్పత్రిలో ఎంట్‌ఫెర్నుంగ్ అంటే దాదాపు ఎప్పుడూ తొలగింపే. ‘ఎంట్‌ఫెర్నుంగ్ డేర్ గాలెన్‌బ్లాజె’ అని ఉంటే పిత్తాశయం తీసేయడం. నా దగ్గర చదువుకున్న ఒక నర్సు అమ్మాయి మొదటిసారి కేసు షీట్ చూసి, పిత్తాశయం దూరం కొలవాలేమో అనుకున్నానని ఫోన్లో చెప్పింది. నేను మొదటి పాఠంలోనే రెండు అర్థాలూ చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి రెండూ కలిపే చెబుతున్నాను.

రోడ్డు ప్రమాదం చేసి అక్కడ ఆగకుండా వెళ్ళిపోవడం జర్మనీలో నేరం. శిక్షాస్మృతి 142వ సెక్షన్‌లో దాని పేరులో ‘ఎంట్‌ఫెర్నెన్’ ఉంటుంది. అక్కడ దాని అర్థం తనను తాను అక్కణ్ణుంచి దూరం చేసుకోవడం, అంటే వెళ్ళిపోవడం. ఆగి ఉన్న కారుకు చిన్న గీత పడినా సరే, ఆగకుండా వెళ్ళకూడదు.

ట్యాక్స్ ఫారంలో మాత్రం మామూలు దూరమే. ‘ఎంట్‌ఫెర్నుంగ్స్‌పౌషాలె’ అంటే ఇంటి నుంచి ఆఫీసుకు ఉన్న దూరాన్ని బట్టి ఆదాయంలోంచి మినహాయించే మొత్తం. జనం నోట్లో ‘పెండ్లర్‌పౌషాలె’ అని వినిపిస్తుంది. లెక్క ఒకవైపు దూరానికే. రానూపోనూ కలిపి రాయకండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు చాలామంది ఇక్కడే తప్పు చేస్తున్నారు.

‘అప్‌ష్టాంట్’, ‘డిస్టాంట్స్’ అని కూడా అంటారు కదా, వాటికీ దీనికీ తేడా ఏమిటి?

అప్‌ష్టాంట్‌లో ‘అప్’ అంటే విడిగా, ‘ష్టాంట్’ అంటే నిలబడటం. విడిగా నిలబడి ఉండటం. డిస్టాంట్స్ లాటిన్ నుంచి అరువు తెచ్చుకున్నది. అందులో ‘డి’ అంటే విడిగా, ‘స్టారె’ అంటే నిలబడటం. అంటే జర్మన్‌వాళ్ళు ఒకే బొమ్మను రెండు రంగుల్లో ఉంచుకున్నారు, ఒకటి సొంతది, ఇంకొకటి తెచ్చుకున్నది. నిలబడటం అనే ఆ ధాతువే సంస్కృతంలో ‘స్థా’. మన స్థానం, స్థిరం, అవస్థ అన్నీ దాని పిల్లలే.

అప్‌ష్టాంట్‌కు తెలుగులో నేను చెప్పే మాట ‘ఎడం’. దూరం కాదు, ఎడం. మొక్కల మధ్య ఎడం, బండికీ బండికీ మధ్య ఎడం, ఎడంగా నిలబడండి అంటాం. సరిగ్గా ఇవే సందర్భాల్లో వాళ్ళు అప్‌ష్టాంట్ అంటారు. హైవే మీద ముందు బండికి ఎంత ఎడం వదలాలో చెప్పే లెక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు: స్పీడోమీటర్‌లో కనిపించే అంకెలో సగం, మీటర్లలో. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 50 మీటర్లు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు షాపుల్లో, బస్టాపుల్లో ఎక్కడ చూసినా ఈ మాటే, పక్కన 1.5 మీటర్లు అనే అంకె. ఆ రోజుల్లో జర్మనీలో ఉన్న మనవాళ్ళకు ఒక్క జర్మన్ ముక్క రాకపోయినా అప్‌ష్టాంట్ మాత్రం వచ్చేసింది.

డిస్టాంట్స్ కొంచెం పుస్తకాల మాట, ఆటల పోటీల మాట. మనుషుల మధ్య చల్లబడ్డ సంబంధానికీ వాడతారు. నాయకుడు ఎవరైనా తన పార్టీవాడి మాటతో తనకు సంబంధం లేదని ప్రకటిస్తే, పేపర్లో ‘డిస్టాన్‌ట్సీరెన్’ అనే క్రియ కనిపిస్తుంది.

‘ష్ట్రెకె’ సంగతేమిటి?

సాగదీయడం అనే అర్థం ఉన్న ‘ష్ట్రెకెన్’ నుంచి వచ్చింది, ఇంగ్లీషు ‘స్ట్రెచ్’కు తోబుట్టువు. సాగదీసిన తాడులా ఒక చోటు నుంచి ఇంకో చోటు దాకా పరుచుకున్న దారి. ఎంట్‌ఫెర్నుంగ్ మధ్యలో ఉన్న ఖాళీ అయితే, ష్ట్రెకె మీరు నిజంగా నడిచే, రైల్లో పోయే దారి. రైలు ఆలస్యమైందని స్టేషన్లో చెప్పేటప్పుడు ఈ మాట వింటారు. లెక్కల క్లాసులో రేఖాఖండం కూడా ష్ట్రెకెనే.

దీనికి వేటగాళ్ళ భాషలో ఇంకో బతుకు ఉంది. వేట ముగిశాక చంపిన జంతువుల్ని నేలమీద వరసగా చాచి పడుకోబెడతారు. ఆ వరసను ష్ట్రెకె అంటారు. ఒక దొంగను పోలీసులు చివరికి పట్టుకున్నారని చెప్పడానికి ‘ష్ట్రెకె దాకా తెచ్చారు’ అనే జాతీయం అక్కడి నుంచే వచ్చింది.

రోడ్డు మీద ఎవరినైనా ‘స్టేషన్ ఎంత దూరం’ అని అడగాలంటే ఎంట్‌ఫెర్నుంగ్ వాడాలా?

వద్దు. ‘వీ వైట్’ అని మొదలుపెట్టండి. జనం అడిగేది అలాగే. ‘వైట్’ అంటే దూరంగా, విశాలంగా. ఇంగ్లీషు ‘వైడ్’ దీని జోడీ.

దీని పుట్టుకను జర్మన్ నిఘంటువులు ‘విడివిడిగా వెళ్ళిపోయిన’ అని చెబుతాయి. ముందున్న ‘వ’ సంస్కృతంలో ‘వి’ అనే ఉపసర్గకు సాటి, మిగిలింది ‘వెళ్ళిన’ అనే ముక్క. సంస్కృతంలో ఆ రెండూ కలిస్తే ‘వీత’. వీతరాగుడు అంటే రాగం తొలగిపోయినవాడు. దారి అడగడానికి వాడే అంత మామూలు మాట, వేదాంతుల నోట్లో ఆడే వీతరాగుడికి దగ్గరి చుట్టం అంటే క్లాసులో మొదట ఎవరూ నమ్మరు.

జర్మన్ ‘మైలె’, మన ‘మైలు’ ఒకటేనా?

మాట ఒకటే, కొలత కాదు. రోమన్ సైనికుడు కుడి పాదం మోపిన చోటు నుంచి మళ్ళీ కుడి పాదం మోపే చోటు దాకా ఒక అడుగుగా లెక్కపెట్టి, అలాంటివి వెయ్యి అయితే ఒక మైలు. లాటిన్‌లో వేలు అనడానికి ‘మీలియా’. అది దాదాపు 1,480 మీటర్లు. ఆ మాట రోమన్ల రోడ్లతో పాటు జర్మన్‌లోకి వచ్చి మైలె అయింది. ఇంగ్లీషులో ‘మైల్’ అయింది, అక్కడి నుంచి మనకు మైలుగా, మైలురాయిగా వచ్చింది.

అయితే ఇంగ్లీషు మైలు 1,609 మీటర్ల దగ్గర ఆగితే, జర్మన్ మైలె అయిదు రెట్లకు దగ్గరగా పెరిగింది. పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో 7,532 మీటర్లు. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీలో పదిహేనో వంతుగా లెక్కగట్టిన భౌగోళిక మైలె 7,420 మీటర్లు. తూర్పు జర్మనీలోని సాక్సనీలో తపాలా మైలె 9,062 మీటర్లు. పాత జర్మన్ యాత్రా వర్ణనలు చదివేటప్పుడు మైలెను మైలు అనుకుని లెక్కేస్తే, రోజంతా పట్టే ప్రయాణం రెండు గంటల్లో ముగిసినట్టు కనిపిస్తుంది. ఎవరి మైలో తేల్చుకున్నాకే ముందుకు కదలాలి.

ఆ తపాలా మైలె లెక్కతో దూరాలు చెక్కి నిలబెట్టిన పాత రాతి స్తంభాలు సాక్సనీలో ఉన్నాయి. అక్కడ ఉన్న రోజుల్లో వాటిని వెతుక్కుంటూ తిరగడం నాకు ఒక అలవాటు అయిపోయింది. 1721లో సాక్సనీని ఏలుతున్న, ‘బలశాలి’ అని పేరున్న ఆగస్ట్ అనే రాజు ఆజ్ఞతో ఈ పని మొదలైంది. ఆడమ్ ఫ్రీడ్రిష్ త్సుర్నర్ అనే పాస్టరు, పటాలు గీసే మనిషి, చక్రానికి కొలత బిగించిన బండిలో రోడ్లన్నీ తిరిగి దూరాలు కొలిచాడు. ఊరి ద్వారాల ముందు నిలబెట్టిన పెద్ద స్తంభాన్ని ‘డిస్టాంట్స్‌జోయిలె’ అన్నారు, దూర స్తంభం. ఎక్కువవి ఇసుకరాయితో చేసినవి. దగ్గరికి వెళ్ళి చూస్తే రాజు పేరు తెలిపే అల్లుకున్న అక్షరాలు, తపాలా కొమ్ము బొమ్మ, కింద ఊళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. ప్రతి పేరు పక్కనా ఒక అంకె, కొన్నిచోట్ల ఎనిమిదో వంతు దాకా భిన్నం. ఆ అంకె మైళ్ళు కాదు, గంటలు. ఒక తపాలా మైలె అంటే రెండు గంటలు. ఒక్కో గంట 4,531 మీటర్లు. అంటే రాతి మీద చెక్కింది మనిషి నడక. ఫలానా ఊరు ఎంత దూరం అంటే ‘ఇన్ని గంటలు’ అని ఆ రాయి చెబుతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసు ఎంత దూరం అని అడిగితే ‘గంటన్నర’ అని చెప్పేవాళ్ళే ఎక్కువ. మూడు వందల ఏళ్ళ నాటి ఆ రాయి ముందు నిలబడితే ఆ జవాబు నాకు గుర్తొచ్చింది.

1872లో జర్మనీ అంతటా మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాయి. మైలె కొలతగా పోయింది, మాటగా మిగిలింది. చాలా దూరం అనడానికి ‘మైలెన్‌వైట్’ అంటారు. కథల్లో ‘ఏడు మైళ్ళ బూట్లు’ ఉంటాయి, ఒక్క అడుగుకు ఏడు మైలెలు. ఆ బూట్లు ఫ్రెంచి కథలోంచి వచ్చాయి గానీ, జర్మన్ లెక్కలో ఒక్క అంగ యాభై కిలోమీటర్లు దాటుతుంది. మన దగ్గర ‘ఆమడ’ అలాగే మిగిలింది. ఆమడ అంటే ఎన్ని కిలోమీటర్లో చెప్పలేనివాళ్ళు కూడా ‘అతను కనిపిస్తే ఆమడ దూరం పారిపోతాను’ అంటారు.

‘పిల్లి గెంతు’ అంటే నిజంగా దూరమేనా?

అవును. ‘కాట్సెన్‌ష్ప్రుంగ్’, పిల్లి ఒక్క గెంతులో చేరేంత దగ్గర. తెలుగులో దానికి సరైన మాట ‘కూతవేటు దూరం’. వాళ్ళు పిల్లి కాళ్ళతో కొలిస్తే మనం గొంతుతో కొలిచాం. ఇక్కడ ‘ష్ప్రుంగ్’ చివర ఉంగ్ ఉందని స్త్రీలింగం అనుకోకండి. అది తగిలించిన ఉంగ్ కాదు, గెంతడం అనే ధాతువులోనే ఉన్నది. ఇది పుంలింగం.

హైడెగ్గర్ అనే తత్త్వవేత్త ఈ మాటను మధ్యలో గీత పెట్టి రాశాడట, ఎందుకు?

మార్టిన్ హైడెగ్గర్ 1927లో వచ్చిన తన ప్రధాన గ్రంథంలో ఎంట్-ఫెర్నుంగ్ అని మధ్యలో అడ్డగీత పెట్టి రాశాడు. మీరు క్లాసులో అడిగిన ప్రశ్ననే ఆయన తత్త్వంగా మార్చాడు. ఎంట్ అంటే తీసేయడం అని కావాలనే తీసుకుని, దూరాన్ని తీసేయడం, దగ్గరకు తెచ్చుకోవడం అనే అర్థం చెప్పాడు. మనిషి బతకడమే అలా చుట్టూ ఉన్నవాటిని తన దగ్గరకు తెచ్చుకుంటూ బతకడం అంటాడు. మాట పుట్టుక ప్రకారం అది సరైన అర్థం కాదు. కానీ మాటలోని ముక్కలు ఇంకా విడివిడిగా వినిపిస్తున్నాయి కాబట్టే అలా చదవడం సాధ్యమైంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ముక్కు మీద ఉన్న కళ్ళజోడు, ఎదురు గోడ మీద చూస్తున్న పటం కంటే మనకు దూరం. కళ్ళజోడు ఉందన్న సంగతే మనకు తోచదు, మనసంతా ఆ పటం దగ్గరే ఉంటుంది. అక్కడే ఆయన పిల్లి గెంతునూ చెబుతాడు, ఒక పైపు పొగాకు కాల్చేంత దూరం అన్న జనం మాటనూ చెబుతాడు. అవి లెక్కకు నిలవకపోయినా బతికేవాళ్ళకు సరిగ్గా అర్థమయ్యే కొలతలంటాడు. మా క్లాసులో కూతవేటు ఎంత దూరమో మీటర్లలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, కానీ ఎవరూ తికమక పడరు.

టీవీని ‘ఫెర్న్‌జేయర్’ అంటారు. దూరదర్శన్ అన్నట్టే ఉందే?

అలాగే ఉంది, ఎందుకంటే రెండూ ఒకే పద్ధతిలో చేసినవి. టెలివిజన్‌లో ‘టెలి’ అంటే గ్రీకులో దూరం. దాన్ని జర్మన్‌వాళ్ళు ‘ఫెర్న్’ చేశారు, మన దేశంలో ‘దూర’ చేశారు. టెలిఫోన్‌ను కూడా 1877లో జర్మన్ తపాలా అధిపతి హైన్‌రిష్ ఫాన్ ష్టెఫాన్ ‘ఫెర్న్‌ష్ప్రెషర్’ అని పిలిపించాడు, దూరంగా మాట్లాడేది. అది ఆఫీసు కాగితాల్లో చాలాకాలం ఉండి, వాడుకలో టెలిఫోన్‌కు చోటిచ్చేసింది. ఫెర్న్‌జేయర్ మాత్రం నిలబడింది.

‘ఫెర్న్‌ష్టూడియుమ్’ అంటే అచ్చంగా దూరవిద్యే. హాగెన్ నగరంలోని దూరవిద్యా విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది, మన హైదరాబాద్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో. కారు హై బీమ్ ‘ఫెర్న్‌లిష్ట్’, దూరపు వెలుగు. ఊళ్ళ మధ్య తిరిగే బస్సు ‘ఫెర్న్‌బుస్’. ఈ ఒక్క ముక్క తెలిస్తే పది మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి.

‘ఫెర్న్‌వే’కు తెలుగులో మాట ఉందా?

‘వే’ అంటే నొప్పి. తలనొప్పిలో ఉండే నొప్పే. ముందు ‘హైమ్‌వే’ ఉంది, ఇంటి కోసం నొప్పి. స్విట్జర్లాండ్ నుంచి పరాయి దేశాల్లో పనిచేయడానికి వెళ్ళినవాళ్ళు ఇంటి ధ్యాసతో నిజంగానే జబ్బు పడేవారు. యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 1688లో బాసెల్‌లో దాని మీద సిద్ధాంత వ్యాసం రాస్తూ, ఆ హైమ్‌వేకు గ్రీకు ముక్కలతో ‘నోస్టాల్జియా’ అని పేరు కూర్చాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే మాట అది. హైమ్‌వేను తలకిందులు చేసి తర్వాతి కాలంలో పుట్టించినది ఫెర్న్‌వే. ఇంటి కోసం కాదు, ఇంకా చూడని దూరం కోసం నొప్పి.

హైమ్‌వేకు మనకు మంచి మాటే ఉంది: ‘ఇంటి మీద బెంగ’. హాస్టల్లో చేరిన మొదటి వారం పిల్లలకు పట్టుకునేది. ఫెర్న్‌వేకు విడిగా మాట లేదు. ఆశ, కోరిక, తపన అంటే అందులోని నొప్పి పోతుంది. క్లాసులో నేను ‘దూరం మీద బెంగ’ అని చెబుతున్నాను. అంతకంటే దగ్గరి మాట మీకు తడితే నాకు రాయండి.